చదివి వినిపించని కాగితం

మొన్న బూర్గంపాడు ఆఫీసులో గుమాస్తా పిల్ల ఊదారంగు స్టాంపు ప్యాడు నా ముందుకు తోసింది. ఆ సిరా వాసన తగలగానే నోరు చేదయింది. "వేలు పెట్టవ్వా, జల్దీ" అంది. "సంతకమే చేస్త. ముందు ఏం రాసిన్రో చదవనీ" అన్నాను. వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు. విసుక్కోనీ. నాకు ఈ మొండితనం నేర్పింది రాఘవయ్య సారు. నేర్పాలని నేర్పలేదు.

ఆయన ఒకప్పుడు బడిపంతులు, తర్వాత మా సర్పంచి. రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన ఎన్నికల్లో నేను మా క్రైస్తవుల పేట నుంచి వార్డు మెంబరుగా గెలిచాను. యాభై దాటినా అక్షరం ముక్క రాదు. వేలిముద్ర వేసేవాళ్లకు కాగితమంతా పైకి చదివి, అర్థమైందా అని అడిగి, అప్పుడే ముద్ర వేయించుకోవాలని పద్ధతి. నా ఒక్కదాని కోసం ప్రతి తీర్మానమూ చదివేవారు. తక్కినవాళ్లు ఆవులించేవారు.

"ఎస్తేరక్కా, మెంబరువై ఇంకా వేలేంది? నీ పేరు నువ్వు రాసుకోవా?" అన్నాడు సారు ఒకనాడు.

"ఈ చేతులు మిరపకాయలు ఏరినయి సారూ, కలం పట్టినయా?"

"కలం గంత మండదులే, పట్టు."

నెల రోజులు పంచాయతీ అరుగు మీద నా వేళ్ల మీద తన వేళ్లు ఉంచి దిద్దించాడు. మా ఊళ్లో భూమి ఉన్న మనిషి మా పేటవాళ్ల చెయ్యి ముట్టడం నేను అంతకుముందు చూడలేదు. మొదటి సంతకం చేసినరోజు ఏడ్చాను.

వేలిముద్ర పోయి సంతకం వచ్చాక నాకెవరూ ఏదీ చదివి వినిపించలేదు. నా పేరు తప్ప ఇంకో అక్షరం రాదని సారుకు తెలుసు. చదవమని అడగడం నాకు నామోషీ.

వాగు ఒడ్డున మా సమాధుల దిబ్బ. నా భర్త యోహానును అక్కడే పెట్టాము. ఒక పొద్దున యంత్రం వచ్చి దిబ్బను తవ్వుతోందంటే పరుగెత్తాను. సారు బావమరిది ఇటుక బట్టీకి మట్టి. ఖాళీ జాగా అని పంచాయతీ రాసిచ్చిన కాగితం చూపించారు. కింద నా పేరు. అదొక్కటే చదవగలిగాను.

సంగతి పేపరుకెక్కింది. విచారణకు అధికారి వచ్చాడు. "నాదేముంది సార్? వాళ్ల మెంబరే ఒప్పుకొని సంతకం పెట్టింది, అడుగుండ్రి" అన్నాడు సారు. "ఆ సంతకం నాది కాదను అత్తా" అని పేటవాళ్లు నా చెవిలో పోరారు.

"నాదే" అన్నాను. "చదివిచ్చుకోకుండ పెట్టిన, గది నా తప్పు. నాకు చదవరాదని తెలిసి పెట్టిచ్చిండు. ఆయన తప్పు ఆయన్నే చెప్పమనుండ్రి."

సారు తన తప్పు చెప్పలేదు. ఆయన పదవి పోయింది, నాదీ పోయింది. చచ్చేదాకా కుట్ర చేసి దించారనే అన్నాడు. దిబ్బ మాకు తిరిగి వచ్చింది. యోహాను ఉన్న మూల మట్టి మాత్రం అప్పటికే ఇటుకలైపోయింది. ఎవరింటి గోడలో ఉన్నాడో.

మిగతా అక్షరాలు పాస్టరమ్మ దగ్గర నేర్చుకున్నాను, పంతంతో. అయినా నా పేరులో మొదటి అక్షరం ఇప్పటికీ ఆయన దిద్దించినట్టే ఎడమకు ఒరుగుతుంది. నిటారుగా నిలబెట్టాలని ఎన్నిసార్లో చూశాను. మొన్న ఆఫీసులో కాగితం చివరిదాకా చదివి సంతకం చేశాను. అలాగే ఒరిగింది.