బొమ్మ వెనక గీతలు

నాలుగు రోజులు ఉందామని దిగి ఎనిమిది నెలలు ఉండిపోయిన ఇళ్ళు నా బతుకులో కొన్ని ఉన్నాయి. జోలమ్మ వాళ్ళ మేడమీది గది అందులో ఒకటి. కింద ఆమే, ఆమె భర్తా ఉండేవారు. ఆయన దర్జీ. ఆమెది పిల్లల ఆసుపత్రిలో గుండె గీతలు తీసే పని. డాక్టరు కాదు, నర్సూ కాదు. గుండె కొట్టుకునే తీరును గులాబీరంగు గళ్ళ కాగితం మీదికి ఎక్కించే మనిషి. ఇరవై రెండేళ్ళుగా అదే గది, అదే ఎత్తు మంచం, కిటికీకి అదే పచ్చ తెర.

జోలమ్మ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనబడదు. పిల్లల ఛాతీకి చల్లటి జిగురు రాసి, రబ్బరు బుడ్డీలు అతికించి, కాళ్ళకీ చేతులకీ క్లిప్పులు తగిలిస్తుంటే ఏ పిల్ల ఊరుకుంటుంది? గుక్కపట్టి ఏడుస్తుంది. అప్పుడీమె, "ఇవి పీతలమ్మా. పాపం, చలికి వణికిపోతున్నాయి. కాసేపు నీ మీద బజ్జుంటాయట" అని జోల ఎత్తుకునేది. రెండో చరణానికి వెక్కిళ్ళు తగ్గేవి, మూడోదానికి ఒళ్ళు వదులయ్యేది. పక్క వార్డుల వాళ్ళు కూడా మొండిఘటాలను ఎత్తుకొచ్చి ఈమెకే అప్పజెప్పేవారు.

"మా ఆవిడ పాటకి పిల్లలు నిద్రపోతారు, పెద్దలు ఊరొదిలి పోతారు. మీరింకా మేడమీదే ఉన్నారంటే మీకు చెవుడేమో చూపించుకోండి బావగారూ" అనేవాడు దర్జీ. ఆమె నన్ను అన్నయ్యగారూ అనేది కాబట్టి ఆయనకు నేను బావనయ్యాను.

"మీ మిషను మోత కన్నా నయమే లెండి" అనేది ఆమె, వంటింట్లోంచే.

నా తిరుగుళ్ళలో ఒక నాడీ వైద్యుణ్ణి ఎరుగుదును. పెద్దవాళ్ళ నాడి నడుస్తుందనీ, పిల్లల నాడి గెంతుతుందనీ చెప్పేవాడు. నేను దిగిన ఆరో నెలలో ఆ మాట జోలమ్మతో అంటే ఒప్పుకుంది. పిల్లలు ఊపిరి పీలిస్తే గుండె వేగమవుతుందట, వదిలితే నెమ్మదిస్తుందట, అది జబ్బేమీ కాదట. "లయ తప్పిన ప్రతి గుండే చెడ్డది కాదన్నయ్యగారూ. నున్నగా నడిచే ప్రతి గుండే మంచిదీ కాదు" అంది. ఆ రెండోమాట ఎక్కడినుంచి వచ్చిందో నాకప్పటికి తెలియదు.

ఆ గదికొక పద్ధతుండేది. ఏడుస్తున్నప్పుడు తీసిన గీత కదలికలతో అలుక్కుపోతుంది. అలాంటిది పంపిస్తే, "జోలమ్మగారూ, ఇది గుండెనా భూకంపమా?" అని డాక్టరు తిప్పికొట్టేవాడు. అందుకని మొదటి కాగితం పక్కన పడేసి, పిల్ల నిమ్మళించాక తీసినదే ఫైల్లో పెట్టేవారు. పక్కన పడేసినది మాత్రం పారేసేవారు కాదు. వెనక వైపు తెల్లగా ఉంటుందిగా! రంగు పెన్సిళ్ళ డబ్బాతో పాటు దాన్ని పిల్ల చేతికే ఇచ్చేది జోలమ్మ. ఏడ్చినందుకు బహుమానం. ఆ ఆలోచన తనదేనని గర్వం కూడా ఉండేది.

నేను ఆ ఇంటికి రావడానికి రెండేళ్ళ ముందు ఒక తొమ్మిదేళ్ళ పిల్ల వచ్చింది. బడిలో పరుగుపందెంలో స్పృహ తప్పింది. తల్లి ఒక్కతే తీసుకొచ్చింది. పిల్ల గోల గోల చేసింది. జోలమ్మ పాడింది. రెండో కాగితం నున్నగా, ముగ్గు గీసినట్టు వచ్చింది. మొదటి కాగితం వెనక ఆ పిల్ల కళ్ళజోడు పెట్టుకున్న పీత బొమ్మ గీసింది. "అక్కా, నీ పుణ్యమా అని ఏడుపాపింది" అని తల్లి ఆమె చేతులు పట్టుకుంది. గుండె బాగుందన్నారు. అయితే మూర్ఛ కావచ్చని నరాల డాక్టరు దగ్గరికి పంపారు. మందులు మొదలుపెట్టారు. నాలుగు నెలలకు, బడి ఆవరణలో పట్టుకునే ఆట ఆడుతూ ఆడుతూ పడిపోయి, ఆ పిల్ల మళ్ళీ లేవలేదు.

ఆ సంగతి జోలమ్మకు అప్పుడు తెలియనే తెలియదు. రోజుకు ముప్ఫైమంది వచ్చే గది. ఎవరు చెబుతారు?

నేను వచ్చిన అయిదో నెలలో ఆ తల్లే మళ్ళీ వచ్చింది. ఈసారి చిన్నపిల్లతో. ఏడేళ్ళది. మెట్లమీద కుక్క మొరిగితే హడలిపోయి, ముఖం పాలిపోయి పడిపోయిందట.

"పెద్దది ఎలా ఉందమ్మా?" అని జోలమ్మ ముఖం గుర్తుపట్టి మామూలుగా అడిగింది.

"లేదక్కా" అంది తల్లి.

చిన్నపిల్ల ఏడవలేదు. బుద్ధిగా పడుకుంది. గీత నున్నగా వచ్చింది. ఫైల్లో పెట్టబోతే ముందు అరలో పీత బొమ్మ కనిపించింది. పెద్దపిల్ల పాత ఫైలునే తల్లి వెంట తెచ్చింది. "తీయకండక్కా. ఇంట్లో బొమ్మలన్నీ చింపి గాలిపటాలు చేసుకునేది. ఆసుపత్రి ఫైల్లో ఉండబట్టి ఇదొక్కటే మిగిలింది" అంది.

"ఒక్కసారి చూసి ఇస్తా" అని జోలమ్మ దాన్ని వెనక్కి తిప్పింది.

ఆ కాగితం మీద గీతలు కాలంతో పాటు వెలిసిపోతాయి. ఇంకో ఏడాది ఆగితే ఏమీ మిగిలేది కాదు. కానీ అప్పటికింకా కనబడుతున్నాయి. పిల్ల కాళ్ళు తన్నుకున్నచోట గీత ఉన్నిదారంలా మందంగా, గజిబిజిగా ఉంది. ఆ గజిబిజి మధ్యలో, ఏడుపు తారస్థాయిలో ఉన్నచోట, తొమ్మిదో పదో వెడల్పాటి కొట్టుళ్ళు. ఒకటి పైకి, ఒకటి కిందికి, ఒకటి పైకి, ఒకటి కిందికి. తన్నుకునే కాలు అంత క్రమంగా తన్నదు. అది గుండె. ఏడిస్తేనో, భయపడితేనో, పరిగెడితేనో మాత్రమే బయటపడే లయ. నిమ్మళిస్తే దాక్కుంటుంది. ఆ రోజు దాక్కునేలా జోకొట్టింది తానే.

"ఆ పావుగంట నేను మనిషిని కాదన్నయ్యగారూ" అంది నాతో తరువాతెప్పుడో, మేడమెట్ల మీద కూర్చుని. "చిన్నదాని గీత బాగానే ఉంది. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. డాక్టరుతో ఊరికే, ఈ పిల్లని పరిగెత్తించి చూడండి అందామా అనుకున్నా. ఎందుకూ అంటాడు. చూపించడానికి నా దగ్గరున్నది ఆ కాగితమే. అది తల్లి చేతిలోది. ఆమె కాగితాన్ని ఆమెకు చెప్పకుండా ఎలా తీసుకెళ్ళను?"

చెప్పింది. మంచం పక్కన నిలబడి, ఫలానా చోట ఫలానా గీత అని వేలు పెట్టి చూపించింది.

తల్లి ఆ చోటినే తన వేలితో తడిమింది. "అంటే, ఆ రోజే కనబడిందా?"

"కనబడిందమ్మా. పిల్ల కదలడమనుకున్నా. మీకిచ్చేశా."

"బొమ్మలేసుకోమని."

"అవును."

డాక్టరు కాగితం చూసి లేచాడు. భూకంపం మాట ఆయనకూ గుర్తొచ్చే ఉంటుంది. మర్నాడు చిన్నపిల్లను కదిలే పట్టీ మీద నడిపించారు. నడక పరుగయ్యేసరికి తెరమీద అదే వచ్చింది, ఒకటి పైకి, ఒకటి కిందికి. వెంటనే పట్టీ ఆపేశారు. అక్కా చెల్లెళ్ళిద్దరిదీ ఒకటే జబ్బు. భయమూ పరుగూ గుండెను రెచ్చగొట్టకుండా కాసే మాత్ర ఒకటుంది. రోజూ వెయ్యాలి, ఒక్కపూట కూడా తప్పకూడదు. పందేలు వద్దు, ఈత వద్దు. పడిపోతే ఛాతీ ఎలా నొక్కాలో తల్లికీ, బడి టీచరుకూ నేర్పారు. తల్లికి కూడా పరీక్ష చేశారు. ఆమెకు లేదు.

గదిలో పద్ధతి మారింది. ఏడ్చిన కాగితం, ఏడవని కాగితం, రెండూ ఇప్పుడు ఫైల్లోకే. బొమ్మలకు తెల్లకాగితాల కట్ట జోలమ్మ తనే కొనుక్కెళ్ళేది.

ఇంట్లో పాట ఆగిపోయింది. "ఏమిటే, నన్ను ఊళ్ళోనే ఉండమంటావా?" అన్నాడు దర్జీ ఒక సాయంత్రం. ఆమె వంటింట్లో బియ్యం ఏరుకుంటూనే ఉంది. ఆయన కాసేపు సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చుని, మిషను కూడా ఆపేశాడు.

నేను ఊరు వదలబోయే వారంలో చిన్నపిల్లను మళ్ళీ పరీక్షకు తెచ్చారు. మాత్ర పనిచేస్తోందో లేదో చూడాలి. ఆ రోజు జిగురు మరీ చల్లగా ఉందేమో, పిల్ల రాగం అందుకుంది. ఇరవై రెండేళ్ళ అలవాటు. జోలమ్మ నోరు తెరిచింది.

"పాడకండి" అంది తల్లి. అక్కా అనలేదు. "ఏడవనివ్వండి."

పిల్ల ఏడ్చింది. ఒకరు తలాపున, ఒకరు కాళ్ళ దగ్గర, ఇద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. యంత్రం కాగితాన్ని కక్కుతూ పోయింది. ఉన్నిదారంలాంటి గజిబిజి ఉంది. అందులో పైకీ కిందికీ ఏమీ లేదు. జోలమ్మ వేలితో గడి గడీ వెతికింది. లేదు. తల్లికి చూపించింది. ఆమె తల ఊపింది, అంతే.

క్లిప్పులు తీశాక పిల్ల కళ్ళు తుడుచుకుని పెన్సిళ్ళడిగింది. జోలమ్మ తెల్లకాగితం ఇచ్చింది. పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అక్క కాగితం వెనక గీతలున్నాయిగా. దీనికి లేవేం?"

జోలమ్మ జిగురు గుడ్డ పిండుతూ అటు తిరిగింది.

"ఉండవు" అంది తల్లి. "నువ్వు బొమ్మ వేసుకో."