తాత రెండో కన్ను

మొన్న అమ్మను కంటి పొర ఆపరేషన్‌కని హన్మకొండ దవాఖానకు తీసుకుపోతే, బెంచీ మీది పెద్దవాళ్లంతా కౌన్సెలర్ అమ్మాయిని నొప్పి లేస్తదా, తలస్నానం ఎప్పుడు, టీవీ చూడొచ్చా అని అడుగుతున్నారు. ఒకాయన కల్లు పేరు ఎత్తలేక, చల్లటివి తాగొచ్చా అన్నాడు. లోకం ఎంత మారినా ఈ ప్రశ్నలు మారలేదు.

నా కాలేజీ రోజుల్లో మా తాత కూడా ఇదే ఆపరేషన్‌కు పోయి ఇవన్నీ అడిగి, చివర్న ఇంకొకటి అడిగాడు. "బిడ్డా, రంగులేమన్న మారుతయా?"

"అసలు రంగులు కనవడ్తయ్ తాతా!" అని అప్పటి కౌన్సెలర్ అమ్మాయి సంబరంగా చెప్పగానే నాన్న నావైపు చూశాడు.

తాత మగ్గం మీద జంఖానాలు, నేల మీద పరుచుకునే నూలు తివాచీలు, నేసేవాడు. నానమ్మ పోయాక, ఆమెతోపాటే చితి మీద కాలిపోయిన పచ్చ చీరను తలచుకుంటూ, తనే నూలు ఏరుకుని ఆ రంగులో ఒక జంఖానా నేసుకున్నాడు. పొర కమ్మిన ఆయన కళ్లకు అది పచ్చ, మాకేమో నిఖార్సైన నీలం. చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది. పొద్దుగూకితే నానమ్మ వస్తుందని, తాత ఆ జంఖానా మీద కాస్త జరిగి అంచున చోటిచ్చేవాడు. చాయ్ అడగని దయ్యం మంచిదే కదా అని జోకులేసేవాణ్ని గానీ, ఆ అంచు మీద నేనెన్నడూ కూర్చోలేదు.

ఒక కంటికి ఆపరేషనై, పట్టీ విప్పాక తాత ఇంటికొచ్చి జంఖానా పరిచి చాలాసేపు చూశాడు.

"నీలమున్నదేందిరా?"

"రంగు దిగినట్టుంది తాతా."

"నా నూలు దిగదు" అని, కొత్త కన్నును అరచేత్తో మూసి, పాత కన్నుతో చూశాడు. మొహం తేటపడింది.

రెండో కంటికి పిలిస్తే పోలేదు. ముదిరితే కష్టమంటున్నరు బాపూ అని మేనత్త ఎంత బతిమాలినా ఒకటే మాట: "గీ కన్నుతోని మిమ్ములను సూత్త. గా కన్నుతోని ఆమెను సూత్త."

పొర ముదిరింది. ఒక సాయంత్రం బల్బు వెలుగుతుండగానే, కొత్త కన్ను మూసుకుని, "లైటెయ్యుండ్రి" అన్నాడు. తాత ఆ అంచును తడిమి చూసుకుని, నానమ్మకు విడిచిన చోటులోకి తనే జరిగి కూర్చున్నాడు.

ఇప్పుడు తాత లేడు, మగ్గం లేదు, పెద్దవాళ్లను దవాఖానకు తిప్పే వంతు మన ఈడు వాళ్లకు వచ్చింది. నానమ్మ చీర ఏ పచ్చో అడిగితే అత్త చిలకపచ్చ అంటుంది, నాన్న మామిడాకు పచ్చ అంటాడు. తేల్చి చెప్పగల కన్ను మా ఇంట్లో లేదు.