సత్యవేణి అడిగిన చీటీ

2023 జూన్. రాజమండ్రిలో నా గైనకాలజీ ప్రాక్టీసుకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. కడియంలో మొక్కల నర్సరీ నడిపే సత్యవేణి ఆ ఉదయం కావాలనే అందరికంటే ఆఖరున లోపలికొచ్చింది. ఆవిడ రెండు కాన్పులూ నేనే చేశాను. ఇప్పుడు యాభై రెండేళ్లు, నెలసరి ఆగి నాలుగేళ్లు. ఏటా చెకప్‌కి వస్తుంది.

"భర్తతో కలవకూడదని ఒక చీటీ రాసివ్వండి మేడమ్ గారూ" అంది కూర్చుంటూనే.

"ఎన్నాళ్లని రాయమంటావు?"

"కార్తీక మాసం దాకా చాలండి."

విషయమేమిటని అడిగితే చెప్పింది. రెండేళ్లుగా భర్త వెంకటరత్నం గారి చేత వరుసపెట్టి మాలలు వేయిస్తోందట. కార్తీకంలో అయ్యప్ప మాల, ఆ తర్వాత శివ మాల, వేసవిలో ఆంజనేయస్వామి మాల. మాలలో ఉన్నంతకాలం బ్రహ్మచర్యం, చాప మీద ఒంటరి పడక. పెళ్లామైనా 'స్వామీ' అనే పిలవాలి. ఊరంతా ఆయన భక్తిని తెగ మెచ్చుకుంటోందట. "మొన్న ఆంజనేయస్వామి మాల తీసేశారండి. మళ్లీ కార్తీకం దాకా వేయించడానికి ఏ మాలా లేదండి" అంది దిగులుగా. నాకు నవ్వాగలేదు.

"ఆయనంటే ఇష్టం లేదా?" అన్నాను.

"అయ్యో, అదేం మాటండి! కలిస్తే కారం రాసినట్టు మంటండి. రెండుసార్లు రక్తం కూడా కనిపించింది. ఇప్పుడు పక్కన కూర్చోవడం కూడా మానేశాను, కూర్చుంటే ఇంకేదో అనుకుంటారని. మనిషి నాకు దూరమైపోతున్నారండి." ఆ మాటతో నా నవ్వు పోయింది.

పరీక్ష చేస్తే యోని గోడలు పాలిపోయి, పలచబడి, అక్కడక్కడా సన్నగా చీరుకుని ఉన్నాయి. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గి లోపలి పొర ఇలా ఎండిపోతుంది. దీన్ని వెజైనల్ అట్రోఫీ అంటాం. చాలామందికి వచ్చేదే. దానికి తోడు ఈవిడ శుభ్రమనుకుని రోజూ సబ్బుతో కడుగుతోంది. అది మానిపించాను. రక్తం కనిపించింది కాబట్టి స్కానింగు, పాప్ స్మియర్ చేయించాను. గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష అది. వారానికి రిపోర్టుల కోసం మళ్లీ వచ్చింది, రెండూ బాగానే ఉన్నాయి. లోపల రాసుకోవడానికి తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము, కలిసేటప్పుడు వాడుకోవడానికి జెల్ రాశాను.

"ఈ వయసులో దీనికి మందేంటండి, సిగ్గులేకుండా!"

"మోకాలి నొప్పికి మందు సిగ్గుపడుతూనే రాసుకుంటున్నావా?"

తల వంచుకుని నవ్వింది. తగ్గేదాకా కొన్ని వారాలు ఆగమన్నాను. ఆవిడడిగిన చీటీ మాత్రం ఇవ్వలేదు. ఆయన్ని వెంటబెట్టుకు రమ్మన్నాను.

మర్నాడే వచ్చారు. నేను సంగతంతా విప్పి చెప్పాక వెంకటరత్నం గారు, "నేనంటే రోత పుట్టిందనుకున్నానండి. అందుకే వెయ్యమన్న ప్రతి మాలా వేసుకున్నాను" అన్నారు. తర్వాత భార్య వైపు తిరిగి, "నొప్పని ఒక్క మాట చెప్తే నీ జోలికొచ్చేవాణ్ణా?" అన్నారు.

"ఎవరైనా అడిగితే కదండీ చెప్పేది" అంది సత్యవేణి.

ఆ మాట ఆయన్నే అంది, కానీ తగిలింది నాకు. వాళ్లు వెళ్లాక ఆవిడ ఫైలు తీసి చూశాను. నాలుగేళ్లూ నా చేతిరాతే, 'ఇబ్బందులేమీ లేవు' అని. ఎముకల గురించి అడిగాను, ఒంట్లో ఆవిర్ల గురించి అడిగాను, ఇది మాత్రం అడగలేదు. ఇన్నేళ్ల డాక్టర్ని, ఆడదాన్ని, నాకేం అడ్డొచ్చిందో ఇప్పటికీ తెలియదు. సిగ్గుపడ్డాను.

మూడు నెలలకు సత్యవేణికి మంట పూర్తిగా తగ్గింది. నేను మాత్రం అప్పటి నుంచి నెలసరి ఆగిన ప్రతి పేషెంటునూ సూటిగా అడుగుతున్నాను, "కలిసినప్పుడు నొప్పేమైనా ఉంటోందా అమ్మా?" అని. కొందరు లేదంటారు. చాలామంది తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, కుర్చీ ముందుకు జరుపుకుంటారు.