లాజిక్ మాస్టారి కాలింగ్ బెల్

ఎంట్రన్స్ కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పే లాజిక్ మాస్టారికి ఒక తెగులుంది. ఎవరు నోరు విప్పినా, ఆ మాట వెనక వాళ్లు పైకి చెప్పకుండా నిజమనుకున్నదేదో పట్టేస్తారు. "కూర బాగుందా?" అని భార్య అడిగితే, "నేను తిన్నాననే అనుకుంటున్నావు" అంటారు. ఆ కిటుకుతో పిల్లలకు మార్కులు, ఇంట్లో ఆయనకు చీవాట్లు.

ఒకరోజు ఎండ తగ్గకముందే ఇంటికొచ్చి బెల్ నొక్కారు. తలుపు తెరుచుకోలేదు. మళ్లీ నొక్కారు. లోపల గిన్నెల చప్పుడు! ఇంట్లో ఉండీ తీయడం లేదంటే కోపం. కోపమంటే ఆ సంగతి తెలిసిపోయిందన్నమాట. మెట్ల మీద కూలబడి క్షమాపణ వల్లె వేసుకున్నారు.

చెత్తబుట్టతో భార్య బయటికి రాగానే, "మీ తమ్ముణ్ణి రావద్దని ఫోన్ చేసింది నేనే, తప్పయిపోయింది!" అని గడగడా అప్పజెప్పేశారు.

ఆమె బుట్ట దించింది. "కరెంటు పోయి ఎంతసేపయిందో! బెల్ మోగిందని ఎలా అనుకున్నారండీ? అది సరే, వాడు రాకుండా చేసింది మీరా!"

తలుపు ధడాలున మూసుకుంది. కాసేపటికి కరెంటొచ్చింది. మాస్టారు మళ్లీ బెల్ నొక్కారు. ఈసారి వీధంతా వినపడేలా మోగింది.