అన్ని ఇళ్ళ బియ్యం

మొన్న నరసరావుపేటలో బస్సు దిగి ఆటో కోసం నిలబడ్డ చోట, పక్కనే పురుగుమందుల కొట్టు ఉంది. కొట్టతను అట్టపెట్టెలు విప్పి సీసాలు అరల్లో సర్దుతున్నాడు. ఎండకు ఆ వాసన రోడ్డు మీదికి వచ్చింది. గొంతులోకి చేదుగా దిగి, ముక్కు వెనక ఎక్కడో పట్టుకుని ఎంతకీ వదలని వాసన. చుట్టూ ఉన్నవాళ్ళు మామూలుగానే ఉన్నారు, నేను మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నాలుగు కొట్ల అవతలికి వెళ్ళి నిలబడ్డాను. నలభై దాటినా ఆ వాసన తగిలితే చాలు, పదేళ్ళ పిల్లనైపోతాను. మా నాన్న చొక్కా గుర్తొస్తుంది.

మా ఊరు దర్శికి పోయే దారిలో, నల్లరేగడి చేల మధ్య ఉంది. ఊరికి తూర్పున మా పాలెం, ఓ అరవై ఇళ్ళు, నడుమ పెంకుల కప్పు వేసిన చిన్న చర్చి. వానాకాలం ఆ నల్లమట్టి చెప్పుల్ని ఊడబెరికి తనలో దాచేసుకునేది, అందుకని పిల్లలం చెప్పులు చేత్తో పట్టుకునే బడికి వెళ్ళేవాళ్ళం. శీతాకాలం వస్తే పత్తి చేలు తెల్లగా విచ్చుకునేవి. అమ్మావాళ్ళు నడుముకి ఒడి కట్టుకుని పత్తి తీస్తుంటే, చేను గట్టున పోసిన పత్తి కుప్ప మీద మేము పొర్లి, జుట్టు నిండా దూది పోగులతో ముసలమ్మల్లా తయారై ఇంటికొచ్చేవాళ్ళం. సంక్రాంతి దాటాక మిరపకోతలు మొదలై, కళ్ళాల నిండా ఆరబోసిన కాయలతో ఊరంతా ఎర్రబడేది, గాలి వీస్తే బళ్ళో పంతులుగారితో సహా అందరం తుమ్మేవాళ్ళం. క్రిస్మస్‌కి పది రోజుల ముందే ఇళ్ళకి సున్నాలు వేసి, వెదురు బద్దలకి రంగు కాగితాలు అంటించి నక్షత్రాలు కట్టి, ప్రతి ఇంట్లో అరిసెల పాకం పడుతుంటే, బెల్లం వాసన చర్చి లోపలిదాకా వచ్చి, ప్రార్థన మధ్యలో కూడా నాకు నోరూరేది.

ఆ చర్చిలో డోలక్ వాయించేది మా నాన్న ఏసోబు. రోజంతా కూలి పని చేసి వచ్చిన ఆ మొరటు చేతులు డోలక్ మీద పడితే ఎంత మెత్తగా ఆడేవో చెప్పలేను. మా అమ్మ దీనమ్మ ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చుని పాట ఎత్తుకునేది, నాన్న ఆమె వైపు చూడకుండానే ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కనిపెట్టి దెబ్బ వేసేవాడు. వాళ్ళిద్దరూ ఇంట్లో పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఆదివారం చర్చిలో మాట్లాడుకునేవాళ్ళని నాకనిపించేది.

ఇంట్లో మాటంతా మా నాయనమ్మది. పేరు సువార్తమ్మ. ఒక్క అక్షరం రాదు గాని, పాస్టరు అయ్యగారు వాక్యం చదువుతూ ఒక మాట వదిలేస్తే కూర్చున్న చోటి నుంచే అందించేది. పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుని, బియ్యం కొలిచి, చేటలో పోసి రాళ్ళు ఏరి, ఎసట్లో వేసే ముందు ఒక పిడికెడు తీసి, కళ్ళు మూసుకుని పెదవులు కదిపి, మూతున్న రేకు డబ్బాలో పోసేది. పాలెంలో ప్రతి ఇంట్లో అలాంటి డబ్బా ఉండేది. ఆదివారం అందరూ ఆ బియ్యం తెచ్చి చర్చిలో ముందు పెట్టిన పెద్ద గంపలో పోసేవాళ్ళు. అందులో కొంత పాస్టరు అయ్యగారి ఇంటికి, మిగతాది ఎవరికి అవసరమైతే వాళ్ళకి. కాని మా నాయనమ్మ లెక్కలో డబ్బాలో పడిన గింజ ఇక మనుషులది కాదు, దేవుడిది.

నేను ఐదో తరగతిలో ఉండగా, పత్తి కాయ పట్టే రోజుల్లో, నాన్న ఒక రైతు చేలో మందు కొట్టడానికి కూలికి వెళ్ళాడు. వీపున పంపు, ముక్కుకి తువ్వాలు. ఆ మధ్యాహ్నం గాలి తిరిగిందట. ఎదురుగాలికి మందంతా ఆయన మీదే పడుతున్నా, ఇంకో నాలుగు సాళ్ళే కదా అని ఆపలేదట. చేను చివర పంపు దించుకోబోయి అలాగే పడిపోయాడు. ట్రాక్టరు మీద ఇంటి ముందుకు తెచ్చినప్పుడు ఆయన నోటి వెంట నురగ. ఆ చొక్కా వాసనే నేను ఇందాక చెప్పింది. అమ్మ ట్రాక్టరు ఎక్కి ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. ఆ రోజే గుంటూరు తీసుకెళ్ళారు. అమ్మ మళ్ళీ ఇంటికొచ్చింది నెల తరవాత.

ఆ నెల ఇంట్లో నేనూ నాయనమ్మా. ఆమె పత్తి తీతకు వెళ్ళి ఎంతో కొంత తెచ్చేది. అంతలో ముసురు పట్టింది. వారం రోజులు వాన వదల్లేదు, తడిసిన పత్తి ఎవరూ తీయించరు కాబట్టి పనుల్లేవు. ఒక పొద్దున నాయనమ్మ బియ్యం కుండలో చెయ్యి పెట్టి, అడుగంతా తడిమి, చెయ్యి బయటికి తీసింది. మునగాకు దూసుకొచ్చి ఉప్పేసి ఉడికించింది.

"డబ్బాలో ఉన్నాయిగా నాయనమ్మా" అన్నాను.

"అవి మనవి కావు."

రెండు రోజులు మునగాకు, ఎవరి దొడ్లోనో తవ్వుకొచ్చిన నాలుగు చిలగడదుంపలు. ఆదివారం వచ్చింది. ఆమె ఉతికిన తెల్లచీర కట్టుకుని, డబ్బా కొంగు కింద పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని చర్చికి నడిచి, ఆ వారం మొదట్లో తీసిన పిడికిళ్ళన్నీ గంపలో పోసేసింది. గింజలు గలగలా పడుతుంటే నేను గంప వైపే చూస్తూ నిలబడ్డాను. తిరిగి వస్తుంటే దారిలో చెయ్యి విదిలించుకుని, "ఆకలి నీ దేవుడికా, మనకా" అని అడిగేశాను.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. వానకి తడిసిన కాలవగట్టు మీద, తెల్లచీర సంగతి కూడా మర్చిపోయి, అలాగే కూలబడింది.

"నాకూ కోపంగానే ఉందే రూతూ" అంది. "పొద్దున లేచి అడుగుతున్నా, చేలో అడుగుతున్నా. నా కొడుకుని నాకియ్యమని తప్ప వేరే ఏం అడగలా. పలకడం లేదు."

"మరి ఎందుకు అడుగుతావు?"

"పలకలేదని మానేస్తే ఇంకెవర్ని అడగను? నువ్వే చెప్పు."

 పక్కన కూర్చున్నాను. ఆమె నా తడి జుట్టుని కొంగుతో తుడిచింది. దేవుడి మీద కోపం రావచ్చని, వచ్చాక కూడా ఆయనతో మాట్లాడవచ్చని నాకు తెలిసింది ఆ గట్టు మీదే. తరవాత ఎన్ని ప్రసంగాలు విన్నా అంత తేటగా ఎవరూ చెప్పలేదు.

ఆ ఆదివారం రోజంతా మా పొయ్యి నుంచి పొగ రాలేదని పక్కింటి కరుణమ్మ పెద్దమ్మ గమనించిందట. మర్నాడు మధ్యాహ్నం ఆమె, పాస్టరు గారి భార్య ఇద్దరూ వానలో గోనెపట్టా కప్పుకుని వచ్చారు. పాస్టరు గారి భార్యని అందరం అమ్మగారూ అనేవాళ్ళం. అమ్మగారు చిన్న మూట విప్పి నాయనమ్మ ముందు పెట్టింది. చర్చి గంపలోని బియ్యం. చూడగానే తెలిసిపోతుంది, ఎందుకంటే అందులో అన్ని ఇళ్ళ బియ్యమూ కలిసి ఉంటాయి: సన్నవి, లావువి, కోటా బియ్యం, కొత్తవి, పురుగు పట్టిన పాతవి, ఎవరింట్లోవో ఎర్రటి దంపుడు బియ్యం.

నాయనమ్మ మూట ముట్టుకోలేదు. "దేవుడి బియ్యం నేను తినకూడదు అమ్మగారూ. ఇది పెట్టిన చెయ్యి అండీ. తీసుకునే చెయ్యి కాదు."

అమ్మగారు చాప మీద ఆమెకి ఎదురుగా కూర్చుంది. "పదిహేనేళ్ళుగా నేను మా ఇంట్లో ఈ బియ్యమే వండుతున్నాను సువార్తమ్మా. నువ్వు పెట్టింది తిని నా పిల్లలు పెరిగారు. తీసుకోవడం తక్కువతనమైతే ఇన్నాళ్ళూ నన్నేమనుకున్నావు నువ్వు?"

నాయనమ్మ తల దించుకుంది. భుజాలు కదలడం చూసి ఏడుస్తోందని అర్థమైంది. నాన్నని ట్రాక్టరు మీద తెచ్చిన రోజు కూడా ఏడవని మనిషి. కరుణమ్మ పెద్దమ్మ లేచి, తన ఇంటి నుంచి నిప్పు తెచ్చి మా పొయ్యి రాజేసింది.

ఆ బియ్యం సమంగా ఉడకవు. కొన్ని మెత్తబడి జావైతే, కొన్ని పలుకుగా పంటికి తగులుతాయి. గోంగూర పచ్చడి కలుపుకుని ఆ అన్నం తిన్నంత ఇష్టంగా నేను మళ్ళీ ఏదీ తినలేదు. అయితే ఎసట్లో పోసే ముందు నాయనమ్మ అందులోంచి కూడా ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసింది. అదేమిటని నేను చూస్తే, "ఇంకో ఇంటికి కావాలి కదా" అంది.

క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు నాన్న ఇంటికొచ్చాడు. సగమయ్యాడు. చేతులు రెండూ వణుకుతున్నాయి, మంచినీళ్ళ గ్లాసు పెదవి దాకా వెళ్ళేసరికి సగం చొక్కా మీద పడేది. డోలక్ గోడకి తగిలించే ఉంది. పండగనాడు చర్చికి రమ్మంటే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాయనమ్మ బతిమాలబోతే అమ్మే ఆపింది: "ఉండనియ్యత్తా. ఆయన మాట్లాడే భాష పోయింది. మళ్ళీ వచ్చేదాకా ఉండనియ్యి."

మిరపకోతలకి అమ్మతో పాటు నేనూ వెళ్ళాను. ఆ ఏడు బడి మానేశాను. సాయంత్రానికి చేతులు మండిపోయేవి. అమ్మ నా అరచేతులకి మజ్జిగ రాసి, తరవాత తన చేతులకి రాసుకునేది. నాన్న మంచం మీద కూర్చుని అది చూసి, చూడలేక బయటికి వెళ్ళిపోయేవాడు. అమ్మ చర్చిలో పాట ఎత్తుకోవడం కూడా తగ్గించింది. మొదటి చరణం పాడి, దెబ్బ పడాల్సిన చోట ఏమీ పడకపోయేసరికి, గొంతు దారి తప్పేది.

ఈస్టరుకి ముందు శ్రమల దినాల్లో సాయంత్రం పూట రోజుకొక ఇంట్లో ప్రార్థన పెట్టుకునేవాళ్ళు. మా వంతు వచ్చింది. నాయనమ్మ ఇల్లు అలికి, ముగ్గు పెట్టకుండా వాకిట్లో నీళ్ళు చల్లి, చాపలు పరిచింది. ఓ ఇరవై మంది వచ్చారు. నాన్న లోపలికి రాలేదు. గుమ్మం బయట నులకమంచం మీద అటు తిరిగి కూర్చున్నాడు.

అమ్మ పాట ఎత్తింది. ఆడవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు గాని, పట్టుకుని నడిపించే దెబ్బ లేక ఒకరు ముందుకీ ఒకరు వెనక్కీ పోతున్నారు. రెండో చరణానికి పాట చెల్లాచెదురైంది. అప్పుడు బయటి నుంచి టక్, టక్ అని వినిపించింది. నాన్న అరచేత్తో మంచం పట్టె మీద కొడుతున్నాడు. ఆగలేకపోయాడు. కాని వణికే చెయ్యి కదా, ఒక దెబ్బ పడాల్సిన చోట రెండు పడ్డాయి, ఇంకో చోట ఆలస్యమైంది. ఆయనకే తెలిసింది. ఆపేశాడు.

అమ్మ పాడటం ఆపలేదు. నెమ్మది చేసింది. ఒక్కో మాటని సాగదీసి, చివర ఆగింది. ఆగి, గుమ్మం వైపు చూసింది. అందరూ ఆగారు. ఆ ఇరవై మందీ ఊపిరి బిగబట్టి ఆయన చేతి కోసం కాచుకున్నారు. దెబ్బ పడింది. అప్పుడు తరవాతి మాట పాడారు. మళ్ళీ ఆగారు. అలా ఆ పాటంతా ఆయన చెయ్యి ఎంత వేగం నడవగలదో అంతే వేగం నడిచింది. ఎంతసేపు పాడామో తెలీదు. ప్రార్థన అయ్యాక అయ్యగారు బయటికి వెళ్ళి నాన్న పక్కన మంచం మీద కూర్చున్నాడు. 

ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులతో అందరం సమాధుల దొడ్డికి వెళ్ళేటప్పుడు నాన్న మా వెంట వచ్చాడు. ఆయన చేతిలో కొవ్వొత్తి మంట వణుకుతుంటే అమ్మ తన చెయ్యి అడ్డం పెట్టి నడిచింది. తెల్లారాక ఆయన నాతో అన్న మొదటి మాట, "జూన్‌లో బళ్ళోకి పోవాలి నువ్వు" అని.

పోయాను. ఐదో తరగతి మళ్ళీ చదివాను. నాన్న చేతులు పూర్తిగా ఎప్పుడూ బాగుపడలేదు. రెండు మేకలతో మొదలుపెట్టి మంద చేసుకుని, వాటి మీదే నన్ను నర్సు కోర్సు దాకా చదివించాడు. డోలక్ మళ్ళీ వాయించాడు గాని, మా పాలెంలో పాటలు అప్పటి నుంచీ కాస్త నెమ్మదిగానే పాడేవాళ్ళు, పక్క ఊరి నుంచి వచ్చినవాళ్ళు నవ్వినా సరే. నాయనమ్మ నేను పదో తరగతిలో ఉండగా పోయింది. నాన్న పోయి ఆరేళ్ళవుతోంది.

ఇప్పుడు అక్కడ స్లాబు చర్చి ఉంది, కీబోర్డు ఉంది, స్పీకర్లున్నాయి. కానుకలు కవర్లలో వేస్తున్నారు. పూరిళ్ళు పోయి డాబాలు వచ్చాయి. మంచిదే, వానకి కారకుండా పడుకుంటున్నారు. ఆ రోజుల్లో ఇంటికీ ఇంటికీ మధ్య తడిక మాత్రమే ఉండేది. ఎవరు మోకరించి ఏం అడుగుతున్నారో, ఎవరి కోసం ఏడుస్తున్నారో, పక్కింట్లో పడుకున్నవాళ్ళకి వినిపించేది. విని తెల్లారేసరికి ఏదో ఒకటి పట్టుకుని వచ్చేవాళ్ళు.

కిందటేడు మా ఆయనకు గుండె ఆపరేషన్ అయినప్పుడు, గుంటూరులో మా అపార్ట్‌మెంట్‌లో నేను కూడా మోకరించి అడిగాను. మా నాయనమ్మలాగే కోప్పడ్డాను, ఏడ్చాను, మానకుండా అడిగాను. ఆయన కోలుకుని ఇంటికొచ్చాడు. మూడు వారాల తరవాత లిఫ్టులో ఎదురింటావిడ కనిపించి, "ఊరెళ్ళారా అండీ, అలికిడే లేదు" అని అడిగింది. తలుపులు వేసుకుని అడిగాను కదా. దేవుడు విన్నాడు. ఆవిడకి వినపడలేదు.