నోట్స్ యాప్ నుంచి మా పాపను బయటపడేసిన మల్లేశన్న

నిన్న లంచ్ టైమ్‌లో ఫోన్ వచ్చింది.

"మల్లేశన్న పోయిండు" అంది మా టీమ్ అమ్మాయి.

ఏ మల్లేశన్న అని అడిగాను. నిజంగా అడిగాను. మొన్నటిదాకా నా పక్క సీట్లో కూర్చున్న మనిషి పేరు ఆ క్షణంలో తలకెక్కలేదు.

ఛాతీలో నొప్పి అన్నాడట. హాస్పిటల్‌లో చేర్చిన కాసేపటికే అయిపోయిందట.

ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. ఎందుకో చెప్పాలి.

మాది అనంతపురం. ఉద్యోగం మాదాపూర్‌లో. మల్లేశన్నది శేరిలింగంపల్లి, తాతల కాలం నుంచీ అక్కడే. సాయంత్రమైతే తెలంగాణ దీక్షా శిబిరానికి వెళ్లేవాడు. రాష్ట్రం గురించి మేం గట్టిగానే వాదించుకున్నాం. అయినా నన్ను "చెల్లె" అని పిలవడం ఒక్కరోజూ మానలేదు.

మా పాపకు ఫిట్స్ ఉన్నాయి. ఈ సంగతి మీలో కొందరికి ఇప్పుడే తెలుస్తుండొచ్చు.

మొదటిసారి వచ్చినప్పటి నుంచి అంతా ఒక నోట్స్ యాప్‌లో రాసుకునేదాన్ని. ఏ మందు, ఎంత డోసు, ఏది పడలేదు, ప్రిస్క్రిప్షన్ ఫొటోలు. అది ఉందన్న ధైర్యంతోనే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాను.

పోయిన ఏడాది ఒక బంద్ రోజు. ఆఫీసులో షట్టర్లు దించుకుని పని చేస్తున్నాం. డే కేర్ నుంచి ఫోన్.

పాపకు ఫిట్స్ వచ్చాయి. ఆగడం లేదు.

మా ఆయన బెంగళూరులో ఉన్నాడు. ఆటో లేదు, క్యాబ్ లేదు. దారులు మూసేశారు, అంబులెన్స్ ఆలస్యమవుతుందన్నారు.

మల్లేశన్న ఆ రోజు ఆఫీసుకు రాలేదు. ఉద్యమం వాళ్లు రోడ్డు మీదే వండి నిరసన చేసే వంటావార్పులో ఉన్నాడు. అయినా ఆయనకే ఫోన్ చేశాను.

"ఆడనే ఉండు చెల్లె, వస్తున్న."

నేను పక్క సందులోని డే కేర్‌కు పరుగెత్తేసరికి బైక్ వచ్చేసింది. పాపను ఒళ్లో పట్టుకుని వెనక కూర్చున్నాను.

మెయిన్ రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, గుండిగలు, జెండాలు, జనం. నోరు తెరిస్తే నా యాస బయటపడుతుంది. వీళ్లేమంటారో అని భయం.

"పాపకు ఫిట్స్ వచ్చినయ్! జర తొవ్వ ఇయ్యున్రి!" అని అరిచాడు మల్లేశన్న.

ఒకావిడ దగ్గరికొచ్చి పాప ముఖం చూసింది. "ఎంతసేపాయె బిడ్డా?"

"శానా సేపయ్యిందక్కా, ఇంగా ఆగల్యా." నా యాసలోనే వచ్చేసింది.

ఆవిడ వెనక్కి తిరిగి, "ఏయ్, గుండిగ పక్కకు జరుపున్రి!" అని కేకేసింది. ఉడుకుతున్న అన్నం గుండిగను మగవాళ్లు పట్టి లేపారు. మేం దాటాం.

హాస్పిటల్‌లో డ్యూటీ డాక్టర్ మాకు కొత్త. ఇంతకు ముందు ఏ ఇంజెక్షన్ అయినా పడలేదా అని అడిగాడు.

ఒకటి ఉంది. పేరు గుర్తు రావడం లేదు.

యాప్ తెరిచాను. తిరుగుతోంది, తిరుగుతోంది. సర్వర్ దొరకడం లేదంది. మూసి మళ్లీ తెరిస్తే లాగిన్ అడిగింది. పాస్‌వర్డ్ తప్పంది.

నర్సు చేతిలో సిరంజి.

నేను మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ కొడుతూనే ఉన్నాను.

మల్లేశన్న నా చేతిలోంచి ఫోన్ తీసేసుకున్నాడు. "పేరు యాదికి రాకుంటే పోనియ్. గా సూది ఇచ్చినంక పాపకేమైందో సార్‌కు చెప్పు."

చెప్పాను. పెదాలు నీలమయ్యాయని, ఊపిరి మందగించిందని. డాక్టర్ వెంటనే నర్సును ఆపి వేరే మందు తెప్పించాడు.

కాసేపటికి పాప నా వేలు పట్టుకుంది.

నేను మళ్లీ ఆఫీసుకు వెళ్లిన రోజు మల్లేశన్న లంచ్ బాక్స్ పక్కన పెట్టి నా లాప్‌టాప్ తెరిచాడు. "ఇగ ఈ యాప్ ఇడిచిపెట్టు చెల్లె. పాప పానం ఎవని సర్వర్లనో ఉండుడేంది?"

అంత తేలిక కాలేదు. యాప్‌లోంచి అన్నీ బయటికి తీస్తే ఫొటోలు ఒకచోట, రాతలు ఒకచోట పడ్డాయి. తేదీలు ఊడిపోయాయి. మల్లేశన్న ఒక్కో ప్రిస్క్రిప్షన్ చూసి జత చేశాడు. మామూలు ఫైల్స్ చేసి నా లాప్‌టాప్‌లో, మా ఆయన లాప్‌టాప్‌లో పెట్టించాడు. ముఖ్యమైనవి ప్రింట్ తీసి పాప బ్యాగ్‌లో, డే కేర్‌లో కూడా.

చివర్లో అకౌంట్ డిలీట్ చేయడానికి నాకు మనసొప్పలేదు. ఏదైనా మిగిలిపోయిందేమోనని భయం.

"భయమైతే ఉండనియ్. దాని మీదనే ఆనుకొని ఉండకు, గంతే."

ఆ తర్వాత టీకి వెళ్లినప్పుడల్లా అడిగేవాడు. "ఫోన్ లోపట పెట్టు. పడని సూది పేరు చెప్పు." చెప్పేదాకా నా టీ నాకిచ్చేవాడు కాదు.

ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఈ ఉదయం వాళ్లింటికి వెళ్లాను. గల్లీ నిండా ఉద్యమం వాళ్లే. గడప బయటే ఆగిపోయాను. వదినే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

తర్వాత మెల్లగా అంది. "ఏం గోలీలు ఏసుకుంటుండని డాక్టర్ అడిగిండు. నాకేం తెల్వది. బీపీ ఉన్నదని గుడ ఎన్నడు చెప్పలే. మేము పరేషాన్ అయితమని."

పాపకు మళ్లీ ఫిట్స్ వస్తే ఎవరికి ఫోన్ చేయాలన్న నా భయానికి, ఆ మాట విన్నప్పటి నుంచి ఇంట్లో వాళ్లకే తెలియని జబ్బుల భయం తోడైంది.

మీ ఇంట్లో వాళ్లు ఏం మందులు వాడుతున్నారో ఇవాళే అడగండి. దయచేసి.

వెళ్లిరా మల్లేశన్నా. నీ గుండెకు ఇకనైనా నెమ్మది దొరకాలి.