మార్వాకు అందని చట్టం

చేపలమ్మే ఒజీటా కూతురు థెక్లా లండన్‌లో లా చదివి తమ చిన్న ద్వీపానికి తిరిగొచ్చేసరికి, కోర్టులో ఆడ లాయరు గౌను వేసుకోవడానికి గది కూడా లేదు. టైపు మిషన్ల గదిలో తలుపు చాటున నిలబడి వేసుకునేది. మొదటిరోజు జడ్జిగారు ఆమెను చూసి, సాక్షులు బయట కూర్చోవాలన్నారు. థెక్లా బయటికి పోలేదు. తన కేసు పిలిచేదాకా అక్కడే నిలబడింది. కొన్నేళ్లు తిరిగేసరికి అటార్నీ జనరల్ అయింది. అంతకుముందు ఆ కుర్చీలో ఆడది కూర్చోలేదు.

కూర్చోగానే చేపట్టిన పని, పెళ్లి కాని తల్లుల పిల్లలకు తండ్రి ఆస్తిలో వాటా ఇచ్చే చట్టం. ద్వీపంలో సగంమంది అలా పుట్టినవాళ్లే, థెక్లాతో సహా. ఆమె తండ్రి పోయినప్పుడు ఆయన పెళ్లాం తరఫువాళ్లు థెక్లాను చర్చి గడప తొక్కనివ్వలేదు. ఎండలో బయటే ఉండిపోయింది.

మంత్రులు మాత్రం నేలచూపులు చూశారు. ఎప్పుడో తెగిపోయిన పంపకాలన్నీ తిరగదోడితే ఇంటింటా కొట్లాటలేనన్నారు. చివరికి బేరం కుదిరింది. చట్టం వచ్చాక పోయిన తండ్రుల ఆస్తికే అది వర్తిస్తుంది. ఆ వాక్యం థెక్లాయే రాసింది.

చట్టం నెగ్గిన వారంలోనే తల్లి దగ్గర్నుంచి కబురొచ్చింది, పొరుగింటి రెనెట్ సంబరపడిపోతోందని. రెనెట్ పడవ నడిపే జోనస్‌తో పెళ్లి లేకుండానే కాపురం చేసి మార్వాను కన్నది. జోనస్ ఆ ఏడే ఈస్టరుకు ముందు, చట్టం ఇంకా రానప్పుడే పోయాడు. ఏనాడో విడిపోయిన భార్య కొడుకు వచ్చి ఇల్లూ పడవా తనవేనన్నాడు. ఇప్పుడిక మార్వాకు వాటా వచ్చినట్టేనని రెనెట్ నమ్మకం.

వాటా రాదన్న సంగతి గుమాస్తాతో చెప్పించవచ్చు. థెక్లా తనే వెళ్లింది.

పెరట్లో రెనెట్ నిప్పుల మీద సీమపనసకాయ కాలుస్తోంది, పక్కన మార్వా ఉప్పుచేప ముళ్లు తీస్తోంది. థెక్లా నిలబడే సంగతి చెప్పింది.

"అయితే జోనస్ ఇంకాస్త ఊపిరి బిగబట్టుకుని ఉండాల్సిందన్నమాట," అంది రెనెట్. "ఆయనకెప్పుడూ తొందరే."

మార్వా లేచి లోపలికెళ్లిపోయింది.

"ఆ మాట రాసింది నేనే పిన్నీ. రాయకపోతే అసలు చట్టమే వచ్చేది కాదు."

"రాసేటప్పుడు మేం గుర్తొచ్చామా?"

"వచ్చారు."

రెనెట్ కాయను అటూ ఇటూ తిప్పింది.

"గుర్తొచ్చే రాశావన్నమాట. సరే, కూర్చో, తినిపో. కోపం కోపమే, తిండి తిండే."

థెక్లా కూర్చుంది. పెట్టినదంతా తింది.

ప్రభుత్వ లాయరుగా ఉన్నన్నాళ్లూ సొంతంగా కేసు పట్టే వీల్లేదు. తర్వాతి ఎన్నికల్లో ఆ ప్రభుత్వం ఓడిపోయింది. థెక్లా మళ్లీ వీధిలో బోర్డు కట్టుకుని, మొట్టమొదట రెనెట్‌కే కబురు పెట్టింది. కూతురి పేరు మీద కాదు, ఇల్లు కట్టడంలో రెనెట్ పడ్డ కష్టానికి వాటా కావాలని దావా వేసింది. ఆ ఇంటికి ఏటి రాళ్లు మోసింది రెనెట్, అరటిగెలలు అమ్మి రేకులు కొన్నది రెనెట్. ముసలి ఒజీటా బోనెక్కి ఆ మాటే చెప్పింది. నువ్వు ఆమెకు ఏమవుతావని అవతలి లాయరు అడిగితే, "ఆ రాళ్లు కొన్ని నేనూ మోశాను నాయనా," అంది.

సగం ఇల్లు దక్కింది. పడవ దక్కలేదు. రెనెట్ పోయాక మార్వా ఆ సగంలో రొట్టెల కొట్టు పెట్టింది. థెక్లాతో మామూలుగా మాట్లాడటానికి మాత్రం ఆమెకు ఇంకా చాలా ఏళ్లు పట్టింది.